పైడికి పండట్లు

గజపతినగరం,
12 జూలై 1967

వదినగారికి,

మీ మరదలు దేముడమ్మ దండాలు పెట్టి రాస్తున్నది. పైడిని మీ దగ్గర దింపి వచ్చి పది రోజులైంది. మీ తమ్ముడు ఇంటికి రాగానే, "మా అప్ప ఇల్లు అద్దంలాగున్నాది, పిల్లకి ఏ లోటూ ఉండదు" అన్నారు. మంచిదే. ఈ ఉత్తరం తెస్తున్న నూకయ్య చేత బియ్యం, మన చెరకు బెల్లం, ఆవకాయ జాడీ పంపుతున్నాను. జాడీ మూత గట్టిగా కట్టాను, చూసి విప్పండి.

మీరు బడిలో ఎంతమంది పిల్లల్ని చూసినా నా పిల్ల సంగతులు నాకు తెలిసినట్టు మీకు తెలియవు గనక రాస్తున్నాను. దానికి పొద్దున్న చద్దన్నం, గడ్డ పెరుగు ఉంటే చాలు. కాఫీ అలవాటు చెయ్యకండి. శుక్రవారం తలంటుకోమంటే ఏదో వంక చెబుతుంది, నమ్మకండి. చిన్నప్పటినుంచీ దానికి తీపి గిట్టదు. అరటిపండు చేతికిస్తే వాసనని పక్కన పెట్టేస్తుంది. కాబట్టి ప్రేమకొద్దీ అవీ ఇవీ చేసి శ్రమ పడకండి.

ఒక్కగానొక్క పిల్ల. పి.యు.సి. చదువుతానని తండ్రిని పట్టుకుంటే సరే అన్నాను. ఇల్లు బోసిగా ఉంది.

దేముడమ్మ

*

శ్రీకాకుళం,
25 జూలై 1967

మరదలు దేముడమ్మకు,

నీ ఉత్తరం, సామాను చేరాయి. ఆవకాయ బాగుంది. పైడి కాలేజీకి రోజూ నడిచే వెళుతోంది, నాగావళి గాలి ఒంటికి పడినట్టుంది, ముఖం తేటపడింది.

పైడికి తీపి గిట్టదని రాశావు. మొన్న ఆదివారం ఏం జరిగిందో చెబుతాను. మా బడిలో ఒక పిల్ల తల్లి చక్కెరకేళి అరటిపళ్ళు ఒక అత్తం తెచ్చి ఇచ్చింది. రెండు రోజుల్లో తొక్క నల్లబడింది. పారెయ్యడానికి మనసొప్పక, అట్ల పిండి రుబ్బి, పళ్ళు చిదిమి, నువ్వు పంపిన బెల్లం కలిపి పెనం పెట్టాను. చిన్నప్పుడు మా అమ్మ మాకు పోసేది, మీ ఆయన్ని అడుగు, గుర్తుంటుంది. పైడి పుస్తకం పక్కన పడేసి వంటింట్లోకి వచ్చింది. "ఏటి అత్తా, వీధి గుమ్మం దాకా వస్తన్నాది వాసన" అంది. ఒకటి పెట్టాను. తరవాత లెక్క పెట్టాను, అయిదు తింది. "రేపు కూడా ఎయ్యవా?" అని అడిగింది.

పద్నాలుగేళ్ళుగా ఒక్కదాని కోసం వండుకుంటున్నాను. ఒక్క అట్టు కోసం ఎవరైనా పెనం పెడతారా? అందుకే ఆ రోజు నాకు పండగలా ఉంది. నీ పిల్ల సంగతులు నీకే తెలుసు, కాదనను. ఇదొకటి నీకు కొత్తగా తెలుస్తుందని రాశాను.

తవిటమ్మ

*

గజపతినగరం,
9 ఆగస్టు 1967

వదినగారికి,

అయిదు తిందా. ఆకలి వేసి ఉంటుంది. అంత దూరం నడుస్తున్నది గదా.

పైడి తండ్రికి ఉత్తరం రాసింది. ఆయన చదివి మడిచి పెట్టారు, నేను తీసి మళ్ళీ చదివాను. మన ఆవుకి దూడ పుట్టిందా అని ఒక ముక్క అడిగింది. తక్కినదంతా అత్త ఇలా అంది, అత్త అలా చేసింది, అత్త అట్టు తిరగేస్తే అంచు కూడా చిరగదు అని. ఆ కాగితంలో అత్త అన్న మాట పదకొండుసార్లు ఉంది. అమ్మ రెండుసార్లు ఉంది, అందులో ఒకటి "అమ్మకి చెప్పు" అన్న చోట.

మీ తమ్ముణ్ణి అడిగాను, మీ అమ్మ పండట్లు పోసేదా అని. "ఎందుకు పొయ్యదు, మా అప్ప, నాను కొట్టుకునీవోళ్ళం" అని నవ్వారు. పద్దెనిమిదేళ్ళు ఆయనకి వండి పెట్టాను. ఒక్కనాడూ నాతో ఆ మాట అనలేదు.

దసరా సెలవులకి పైడిని మొదటి రోజునే బస్సెక్కించండి. ఆలస్యం చెయ్యకండి.

దేముడమ్మ

*

శ్రీకాకుళం,
28 ఆగస్టు 1967

దేముడమ్మకు,

తప్పకుండా మొదటి రోజునే పంపుతాను, నీ పిల్లని నేనేం దాచుకోను.

ఈ వారం చివరి కాపు పనసపండు ఒకటి దొరికింది. తొనలు రుబ్బి వాటితోనూ అట్లు పోశాం. పనస కొంచెం జిగురు ఎక్కువ, అయినా బాగా వచ్చాయి. పైడి పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చుని ఒకటే మాటలు. కాలేజీ మాటలు, ఊరి మాటలు, మనసులో ఉన్న మాటలు. ఇంత మాటకారి అని నాకు తెలియదు. నీ దగ్గర కూడా ఇలాగే మాట్లాడేదా?

తవిటమ్మ

*

గజపతినగరం,
24 అక్టోబరు 1967

వదినగారికి,

పైడి నిన్న బస్సెక్కింది. ఈపాటికి మీ ఇంట్లో ఉంటుంది. సెలవులు పన్నెండు రోజులు ఇట్టే అయిపోయాయి.

ఉన్న సంగతి రాస్తాను. వచ్చిన మూడో రోజున, "అమ్మా, పండట్లు ఎయ్యవా" అంది. నాకు చేతకాదని ఎలా అనను? పిండి రుబ్బాను, పళ్ళు వేశాను, బెల్లం వేశాను. మొదటిది పెనానికి అతుక్కుపోయింది. రెండోది మధ్యలో ముద్ద, చుట్టూ మాడు. మూడోది అట్లకాడతో గీకితే పొడిపొడిగా వచ్చింది. పైడి నా పక్కకి వచ్చి గరిటె అందుకోబోయింది. "సదువుకునే పిల్లవి, నీకు పొయ్యి కాడ పనేటి? ఎల్లు" అన్నాను. అది నవ్వి, "అత్త కాడ ఇలాగవ్వదమ్మా" అంది. దానికది నవ్వులాటే. పిల్ల వంకర ఉద్దేశంతో అనలేదు. నేను మాత్రం పెరట్లోకి పోయి చాలాసేపు పెనం తోమాను.

ఆ అట్లు ఎలా పోస్తారో పూర్తిగా రాసి పంపండి. మీ తమ్ముడు అడుగుతున్నారు.

దేముడమ్మ

*

శ్రీకాకుళం,
2 నవంబరు 1967

దేముడమ్మకు,

మా తమ్ముడు అడుగుతున్నాడని రాశావు, వాడికోసమే రాస్తున్నాను అనుకో.

రెండు సోలల పాత బియ్యం నాలుగు గంటలు నాననివ్వు. సగం చిప్ప కొబ్బరి కోరు వేసి మెత్తగా రుబ్బు. ఆఖరున తడిపిన అటుకులు గుప్పెడు వెయ్యి, అట్టు విరగకుండా అదే పట్టి ఉంచుతుంది. పళ్ళు తొక్క నల్లబడినవి నాలుగు. రోట్లో వెయ్యొద్దు, చేత్తో చిదిమి కలుపు. బెల్లం గోరువెచ్చని నీళ్ళలో కరిగించి, వడకట్టి, చల్లారాక పొయ్యి. ఉప్పు చిటికెడు, రెండు ఏలక్కాయలు. పిండి గరిటెనుంచి జారాలి గాని పారకూడదు. ఒక అరగంట ఊరనిచ్చి, నెయ్యి రాసిన పెనం మీద మందంగా పోసి మూత పెట్టు. అంచులు వాటంతట అవి లేచేదాకా అట్లకాడ పెట్టకు. నీకు తొందరెక్కువ, అక్కడే చెడుతుంది.

ముప్పై మంది పిల్లలకి చెప్పినట్టు విడమరిచి రాశాను. ఇంక రాకపోతే చేతి వాటం అనుకోవాలి.

తవిటమ్మ

*

గజపతినగరం,
11 డిసెంబరు 1967

వదినగారికి,

మీరు రాసిన కాగితం వంటింటి గూట్లో పెట్టుకుని నాలుగుసార్లు చేశాను. నాలుగుసార్లూ మాడాయి. మీ తమ్ముడు ఆ ముక్కలు మాట్లాడకుండా తిన్నారు. బాగోలేదనైనా అనలేదు. అంటే నాకు కొంత ఊరటగా ఉండేది.

పొరుగింటి గున్నమ్మకి ఆ కాగితం చదివి వినిపించాను. అంతా విని, "ఆడపడుసు ఉన్నదంతా సెప్తాదేటే? ఒకటి దాసుంటాది" అంది. నాకూ అలాగే తోచింది. ఏం వదిలేశారో మీకే తెలియాలి.

మరొక సంగతి. మా అన్నయ్య జగన్నాధం కబురు పెట్టాడు. తన కొడుకు చినబాబుకి పైడి అని పదేళ్ళ కిందట అనుకున్నదే గదా. పిల్లవాడు పొలం పనిలో చేతికి అందివచ్చాడు, మాఘంలో కానిద్దామంటున్నాడు. నేను సరేనన్నాను. పిల్ల నా పుట్టింటికే పోతుంది, నా కళ్ళ ముందు ఉంటుంది. పరీక్ష రాయకపోయినా మునిగిపోయేదేం లేదు. సగం ఏడాది చదివింది, చాలు. సంక్రాంతి వెళ్ళిన వారంలో ఆయన వచ్చి తీసుకువస్తారు. బట్టలు సర్ది ఉంచండి.

ఆరు నెలలు మీ దగ్గర ఉంది. ఇంక నా పిల్ల నాకు కావాలి.

దేముడమ్మ

*

శ్రీకాకుళం,
18 డిసెంబరు 1967

దేముడమ్మకు,

నీ ఉత్తరం అందిన రోజున బడికి వెళ్ళలేకపోయాను. అట్ల సంగతి ముందు రాస్తాను. నేను ఏదీ దాచలేదు. మా అమ్మ మీద ఒట్టు.

పెళ్ళి సంగతి. మార్చిలో పరీక్ష. లెక్కల్లో తరగతికంతా మొదటిది అని వాళ్ళ మేడమ్ నాతో అంది. రెండు నెలలు ఆగితే నష్టమేమిటి? ఇంకొకటి చెబుతాను, కోపం తెచ్చుకోకు. ముహూర్తం పెట్టించే ముందు పైడిని ఒక మాట అడుగు. నువ్వే అడుగు. మీ అన్నయ్యకి సరే అని చెప్పినట్టు దానికి చెప్పకు, అడుగు.

ఇంతకంటే రాయడం నాకు తగదు.

తవిటమ్మ

*

గజపతినగరం,
26 డిసెంబరు 1967

వదినగారికి,

ఏమి అడగాలి? నా కడుపున పుట్టిన పిల్లని ఏమి అడగాలో మీరు నాకు చెప్పవలసి వచ్చిందా? మీకేదో తెలుసు. తెలిసి, తగదు అని రాస్తున్నారు. మీ తమ్ముణ్ణి నిలదీస్తే, "నాకేటి తెల్సు, అప్పనడుగు" అని పొలానికి పోయారు. ఈ ఇంట్లో అన్నిటికీ అప్పే.

ఇన్నాళ్ళూ నోరు విప్పలేదు, ఈ రోజు రాసేస్తాను. పైడికి మూడో ఏడు. మీవారు పోయి సంవత్సరీకం అయింది. మీరు వచ్చి మా వసారాలో కూర్చుని, పిల్లని ఒళ్ళో పెట్టుకుని అన్నారు: "దేముడమ్మా, నీకు మళ్ళీ పుడతారు. దీన్ని నాకియ్యి. పెంచుకుంటాను." ఆయన తల వంచుకుని ఉన్నారు. ఆయన మనసులో ఇచ్చేశారని నాకు తెలిసిపోయింది. నేనే లేచి పిల్లని మీ ఒళ్ళోంచి తీసుకున్నాను. అప్పటినుంచి మీ అందరి ముందూ నేను రాయిలాంటిదాన్ని.

మళ్ళీ పుడతారన్నారు. పుట్టలేదు. ఆ రోజు ఇచ్చి ఉంటే ఈ ఇంట్లో నన్ను అమ్మా అని పిలిచేవాళ్ళు ఎవరుండేవారు?

ఆనాడు అడిగితే ఇవ్వలేదని ఈనాడు అట్లు పెట్టి తీసుకున్నారు. రాత్రీ పగలూ అదే నా మనసులో తిరుగుతోంది. నా పిల్ల నాతో చెప్పని మాట మీతో చెప్పిందంటే, ఆ మాట ఏదైనా సరే, అది నా సొమ్ము. రాసి పంపండి.

దేముడమ్మ

*

శ్రీకాకుళం,
4 జనవరి 1968

దేముడమ్మకు,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపాను. ఇది అయిదోది.

ఆగస్టులో, పనస అట్లు పోసిన రోజున పైడి నాతో చెప్పింది. మాట పొల్లుపోకుండా రాస్తున్నాను. "అత్తా, సినబావని నాను సేసుకోను. ఆడు మంచోడే. ఎడ్లు, సెరుకు, ఊరు, ఆడికి అవి సాలు. నాకు సాలవు. నాను సదువుకుని నీలాగ టీచర్నవుతాను. అమ్మకి సెప్పకు అత్తా. మావయ్యతో మాట పోతాదని ఏడుస్తాది."

సెప్పకు అంది నిజమే. పదహారేళ్ళ పిల్ల అన్న మాట పట్టుకుని నలభై ఏళ్ళ దాన్ని ఊరుకోవచ్చా? ఆ వారమే నీకు రాయవలసింది. రాయలేదు. ఎందుకు రాయలేదో కూడా చెబుతాను, ఇంక దాచి ప్రయోజనం లేదు. తల్లికి చెప్పని మాట ఒక పిల్ల నాకు చెప్పింది. నా బతుకులో అలాంటిది అదే మొదలు. నాలుగు నెలలు ఆ మాట కొంగున ముడేసుకుని తిరిగాను. బడిలో పాఠం చెబుతూ కూడా అది ఉందా అని తడుముకున్నాను. నీ ఉత్తరాలు వస్తే, పాపం ఈమెకి తెలియదు కదా అనుకునేదాన్ని. ఆ పాపం అనుకోవడంలో నాకు సుఖం ఉండేది. ఇదీ నీ వదిన.

రెండోది. అమ్మ మీద ఒట్టు పెట్టి అబద్ధం రాశాను. మొదటి రెండుసార్లే అట్లు పోసింది నేను. అవి అంత బాగా రాలేదు, అడుగున మాడాయి. ఆ తరవాత పోసిందంతా పైడి. పీట వేసుకుని కూర్చుంది అని రాశాను గాని గరిటె దాని చేతిలో ఉందని రాయలేదు. అది కట్టెలు వెనక్కి లాగేసి, మంట లేకుండా ఒట్టి నిప్పుల మీద పోస్తుంది. తీపి పిండి మంటకి ఆగదని తనే కనిపెట్టింది. రోజూ చూస్తూనే నీకు రాయలేదు. రాస్తే ఎవరు పోస్తున్నారో నీకు తెలిసిపోతుందని. నీ ఇంట్లో పొయ్యి దగ్గరికి రానివ్వవని నాతో అంది. వాళ్ళ నాన్నకి "అత్త అట్టు తిరగేస్తే అంచు చిరగదు" అని రాసింది చూశావా, అది నా మీద ప్రేమకొద్దీ రాసిన మాట. నేను దాన్ని నిజం చేసుకుని కూర్చున్నాను.

పెంపకానికి అడిగిన రోజు సంగతి రాశావు. అడగకూడనిది అడిగాను. నువ్వు లేచి పిల్లని తీసుకున్నప్పుడు నా ఒడి వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం పోయేదాకా లేవలేదు, అందుకే ఆ రోజు బస్సు తప్పిపోయింది. నీకు ఆ సంగతి తెలియదు.

పిల్లని శిక్షించకు. నన్ను ఏమైనా అను.

తవిటమ్మ

*

గజపతినగరం,
20 ఫిబ్రవరి 1968

వదినగారికి,

మీ ఉత్తరం చింపేశాను. మర్నాడు ముక్కలు ఏరి గంజితో అతికించి మళ్ళీ చదివాను. సంక్రాంతి వెళ్ళిపోయినా ఆయన్ని శ్రీకాకుళం పంపలేదు. మీరు గమనించే ఉంటారు.

నెల్లాళ్ళు నా మీద నాకే కోపమో, మీ మీదో, పిల్ల మీదో తెలియలేదు. "ఏడుస్తాది" అందట. ఆ మాట దగ్గర ఆగిపోయేదాన్ని. నేను ఏడుస్తానని దానికి భయం. మీరు ఏడవరని మీకు చెప్పింది. అంతే గదా.

పోయిన గురువారం మా కన్నవారి ఊరు వెళ్ళాను. ఆయన వస్తానన్నారు, వద్దన్నాను. అన్నయ్య గానుగ దగ్గర ఉన్నాడు. "రా సెల్లీ, పంతులు మూర్తం పెట్టీసేడు" అన్నాడు. నిలబడే చెప్పాను.

"అన్నియ్యా, పిల్లకి ఇష్టం లేదు."

"ఎవులు సెప్పేరు?"

"అదే సెప్పింది."

"నీకు సెప్పిందా?"

"నాకే సెప్పింది" అన్నాను.

అబద్ధం. మా అన్న ముందు నా పిల్ల తన మాట ఎవరికో చెప్పుకుందని నా నోటంట రాలేదు. అక్కడ కూడా మిమ్మల్ని రానివ్వలేదు, చూశారా.

మా వదిన గురమ్మ లోపల్నుంచి, "సదివిస్తే ఇంతే" అంది. అన్నయ్య పొంగే పాకంలో గరిటె తిప్పాడు. "పదేళ్ళ మాట. ఊరందరికీ సెప్పుకున్నాను. ఇంక నా గుమ్మం తొక్కకు" అన్నాడు. గట్టిగా అరవలేదు. అరిస్తే రేపటికి తగ్గుతుంది. ఇది తగ్గేది కాదు.

చినబాబు బస్సు దాకా నాతో నడిచాడు. తలపాగా చేతిలో నలుపుకుంటూ, "అత్తా, పైడి నన్నేటైనా అన్నాదా?" అని అడిగాడు. "మంచోడివన్నాది" అన్నాను. "అంతేనా" అన్నాడు. బస్సు వచ్చాక నా సంచి లోపల పెట్టి దిగిపోయాడు. వాడు కూడా నా చేతుల్లో పెరిగిన పిల్లాడే.

నా పుట్టిల్లు పోయింది వదినగారూ. పైడి కోసం పోగొట్టుకున్నాను. ఈ సంగతి పిల్లకి మీరు చెప్పకండి. ఒక్క ముక్క కూడా చెప్పకండి. నేనే వచ్చి చెబుతాను. ఇది కూడా మీ నోటినుంచి వింటే నేను తట్టుకోలేను. వచ్చే ఆదివారం మొదటి బస్సుకి బయలుదేరుతున్నాను.

దేముడమ్మ

*

శ్రీకాకుళం,
14 జూన్ 1968

దేముడమ్మకు,

పైడి పాసయింది. మొదటి తరగతి. ఈ కబురు టెలిగ్రాములో నీకు ముందే చేరి ఉంటుంది. టెలిగ్రాం పైడి పేరునే ఇచ్చాను.

నువ్వు వచ్చి వెళ్ళిన తరవాత నీకు రాయలేదు. ఆ ఆదివారం గురించి ఎలా రాయాలో తెలియలేదు. నువ్వు ఇంట్లో అడుగు పెట్టి, నీళ్ళైనా తాగకుండా, "పైడీ, సినబావతో పెల్లి లేదు. మావయ్యకి సెప్పీసేను" అన్నావు. అది నిన్ను చూసి, నన్ను చూసింది. నేను చెప్పేశానని దానికి అర్థమైంది. ఆ చూపు ఇంకా నాకు గుచ్చుకుంటూనే ఉంది. బిందె నిండుగానే ఉంది, అయినా తీసుకుని బావి దగ్గరికి పోయాను. తిరిగి వచ్చేసరికి అది నీ ఒళ్ళో తల పెట్టుకుని ఉంది. నువ్వు దాని జడ విప్పి మళ్ళీ అల్లుతున్నావు. గుమ్మం దాటి లోపలికి రావడానికి నాకు ధైర్యం చాలలేదు. బిందె చంకన పెట్టుకుని నా ఇంటి బయట నేనే నిలబడ్డాను.

మూడు వారాలు నాతో ముభావంగా ఉంది. ఒక రోజు, "ఎందుకు సెప్పీసేవు అత్తా" అని అడిగింది. "మీ అమ్మ సొమ్ము, మీ అమ్మకి ఇచ్చేశాను" అన్నాను. ఇంక అడగలేదు. అట్లు పోయడం కూడా మానేసింది. పరీక్షల ముందు ఒక పొద్దున్న తనే పిండి కలుపుకుంది. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. టీచరు ట్రైనింగుకి దరఖాస్తు వచ్చింది. ఏ ఊరు కావాలో మనమే రాయాలి. శ్రీకాకుళం రాయొచ్చు, విజయనగరం రాయొచ్చు. పైడి, "నీకేది మంచిదనిపిస్తే అది రాయి అత్తా" అని పెన్ను నా చేతికిచ్చింది. విజయనగరమైతే పొద్దున్న బండికి వెళ్ళి సాయంత్రం బండికి నీ ఇంటికి వచ్చేస్తుంది. శ్రీకాకుళమైతే ఇంకా రెండేళ్ళు నా దగ్గర ఉంటుంది. పెన్ను పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో చెప్పలేను. విజయనగరం అని రాశాను.

నేను మంచిదాన్నని అనుకోకు. రాసి పోస్టు చేసిన తరవాత రెండు రోజులు నీ మీద మండిపడుతూనే ఉన్నాను. పోస్టు డబ్బాలో చెయ్యి పడితే వెనక్కి తీసుకునేదాన్ని. నీకు అన్నీ ఉన్నాయి, ఇదొకటి కూడా కావాలా అనుకున్నాను. తరవాత, నీ పుట్టిల్లు లేదు గదా అని గుర్తొచ్చింది. అప్పుడు కొంచెం చల్లారాను. పూర్తిగా కాదు.

సోమవారం పైడిని బస్సెక్కిస్తాను. బట్టలు సర్దుతున్నాను.

తవిటమ్మ

*

గజపతినగరం,
22 జూలై 1968

వదినగారికి,

పైడి క్షేమం. రోజూ పొద్దున్న బండికి వెళుతోంది. దాని వెనక స్టేషను దాకా ఆయన నడుస్తారు, వద్దన్నా వినరు. మా అన్నయ్య ఇంటినుంచి కబురేమీ లేదు. చినబాబుకి నెల్లిమర్ల వైపు సంబంధం చూస్తున్నారని గున్నమ్మ చెప్పింది. నన్ను పిలవరు.

దరఖాస్తులో మీరు ఏ ఊరు రాశారో, పెన్ను పట్టుకుని ఎంతసేపు కూర్చున్నారో పైడి కూడా చెప్పింది. మీరు చేసిన పని నేను చేసేదాన్ని కాదు. మీ చోట నేనుంటే శ్రీకాకుళం అనే రాసేదాన్ని. మీరు నాకంటే పెద్ద మనసు చూపించారని కూడా నాకు కష్టంగానే ఉంది. అదీ రాస్తున్నాను, ఇంక మన మధ్య దాచడం వద్దు.

నిన్న ఆదివారం. పైడిని పొయ్యి దగ్గర కూర్చోనిచ్చాను. అది కట్టెలు వెనక్కి లాగి, నిప్పులు పరిచి, పెనం పెట్టి పోసింది. నేను పక్కన పీట మీద కూర్చున్నాను. అట్టు ఎర్రగా, అంచు చిరగకుండా వచ్చింది. ఆయనకి రెండు, నాకు రెండు పెట్టింది. వేడిగా తిన్నాను. చాలా బాగుంది వదినగారూ. నా చేతికి ఎన్నటికీ అలా రాదు.

మూడో అట్టు తిరగేస్తూ పైడి, "అత్త కాడైతే..." అని మొదలుపెట్టి ఆపేసింది. నా ముఖం వంక చూసింది. నాకు భయపడింది. నా పిల్ల నా ముందు మాట మింగేసింది.

"ఆపీసేవేటి? సెప్పు" అన్నాను.

చెప్పింది. మీరు మొదటి అట్టు తిరగేసినప్పుడు అది నిప్పుల్లో పడిపోయిందట, మీరిద్దరూ నవ్వారట. సాయంత్రాలు వంతెన మీద నిలబడి బస్సులు లెక్కపెట్టేవారట. దానికి జ్వరం వచ్చినప్పుడు మీరు బడి మానేసి నాలుగు రోజులు తల దగ్గర కూర్చున్నారట. జ్వరం వచ్చిందని నాకు ఇప్పుడే తెలిసింది. పిండి అంతా అయిపోయినా ఇంకా చెబుతూనే ఉంది. దాని కళ్ళు మెరుస్తున్నాయి.

లేచి పోదామనిపించింది. పెనం తోమాలి, దూడకి నీళ్ళు పెట్టాలి, లేవడానికి వంకలు బోలెడు ఉన్నాయి.

లేవలేదు. చివరిదాకా విన్నాను.

దేముడమ్మ